జ్ఞాపకాల పేకకట్ట: ‘ఐ వజ్ ఎ టీనేజ్ ఎక్సోకాలనిస్ట్’ వీడియో గేమ్‌లో కౌమార మనోవేదన - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

2022లో వెలువడిన ‘ఐ వజ్ ఎ టీనేజ్ ఎక్సోకాలనిస్ట్’ పేకముక్కల ఆటను కథనంతో ముడివేసిన వీడియో గేమ్. పదేళ్ళ వయసు నుంచి ఇరవయ్యేళ్ళ దాకా ఒక వ్యక్తి ఎదుగుదలను ఇది చిత్రిస్తుంది. ఇందులో ముఖ్యమైన అనుభవాలు జ్ఞాపకాలుగా, ఆ జ్ఞాపకాలు పేకముక్కలుగా మారతాయి. కౌమారంలోని దుఃఖం, భయం, అపరాధభావం, ఒత్తిడి గురించి ఈ ఆట సంభాషణల్లో చెప్పే మాట ఒకటి, నియమాల ద్వారా చెప్పే మాట మరొకటి. ఆ రెండింటి మధ్య ఉన్న పొత్తునూ పేచీనీ పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. జ్ఞాపకాల అమరికను అర్థంగా చూపడంలో ఈ ఆట సాధించిన విజయాన్నీ, బాధకు అంకె వేసి దాన్ని పెట్టుబడిగా మార్చడంలో ఉన్న పరిమితినీ ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్ కథనం, కౌమారం, మానసిక ఆరోగ్యం, జ్ఞాపకం, పేకముక్కలు, సంచారిభావం, నియమార్థం.

1. ఉపోద్ఘాతం:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ళ వయసును కౌమారంగా పరిగణిస్తుంది. ఆ వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని ఆ సంస్థ అంచనా. భారతదేశంలో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13-17 ఏళ్ళవారిలో ఈ సమస్యల వ్యాప్తిని 7.3 శాతంగా గుర్తించింది. ఈ అంకెలు సమస్య విస్తృతిని తెలుపుతాయి. ఆ బాధ లోపలినుంచి ఎలా ఉంటుందో తెలపడం వాటి పని కాదు. ఆ పనిని చాలాకాలంగా కథ, నవల, నాటకం, చలనచిత్రం చేస్తూ వచ్చాయి. ఇటీవలి దశాబ్దాల్లో వీడియో గేమ్ కూడా ఆ వరసలో చేరింది.

తెలుగు విమర్శ ఈ కొత్త రూపాన్ని ఇంకా వినోద వస్తువుగానో, పిల్లల చదువుకు అడ్డంకిగానో చూడడానికే అలవాటుపడి ఉంది. అయితే కథనం, పాత్ర, కాలం, దృష్టికోణం వంటి సాహిత్య విమర్శ పరికరాలన్నింటికీ లొంగే గేములు ఉన్నాయి. వాటితోపాటు ఆ పరికరాలకు లొంగని అంశం కూడా వాటిలో ఒకటి ఉంది. అదే నియమం. పాఠకుడు నవలను చదువుతాడు. గేమ్‌లో ఆడేవారు నియమాలకు లోబడి నిర్ణయాలు తీసుకుంటారు. ఆ నిర్ణయాలు కథను మారుస్తాయి.

కెనడాకు చెందిన నార్త్‌వే గేమ్స్ రూపొందించగా ఫింజీ సంస్థ ప్రచురించిన ‘ఐ వజ్ ఎ టీనేజ్ ఎక్సోకాలనిస్ట్’ 2022 ఆగస్టులో విడుదలైంది. దీని ప్రధాన రూపకర్త సారా నార్త్‌వే. భూమిని విడిచి వచ్చిన ఒక చిన్న సమూహం వర్టమ్నా అనే పరాయి గ్రహం మీద దిగి నివాసం ఏర్పరచుకోవడం దీని ఇతివృత్తం. ప్రధాన పాత్ర సోల్ ఆ ఓడలో పుట్టి పెరిగిన బిడ్డ. ఆట సోల్ పదో ఏట మొదలై ఇరవయ్యో ఏట ముగుస్తుంది. సోల్ ఆడో మగో, ఆ రెండూ కాదో నిర్ణయించేది ఆడేవారే. అందువల్ల ఈ వ్యాసంలో సోల్‌ను ‘పాత్ర’గా మాత్రమే ప్రస్తావించడం జరుగుతుంది.

ఇది మానసిక ఆరోగ్యాన్ని బోధించడానికి తయారైన ఆట కాదు. కరువు, అంటువ్యాధి, యుద్ధం, ఆప్తుల మరణం మధ్య పెరిగే పిల్లల కథ ఇది. ఆ పిల్లల మనసులకు ఏమవుతుందన్నదే దీని అసలు వస్తువు. పాత్రలకు వైద్యపరమైన రోగనిర్ధారణ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మనోవేదనను ఈ ఆట ఏ రూపంలో ఊహించిందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. నియమం చెప్పే అర్థం:

ఇయాన్ బొగోస్ట్ ‘పర్సువేసివ్ గేమ్స్’ (2007) గ్రంథంలో ‘ప్రొసీజరల్ రెటరిక్’ అనే భావనను ప్రతిపాదించారు. మాటలతో, బొమ్మలతో కాక, ప్రక్రియల ద్వారా ఒక వాదాన్ని ఒప్పించడాన్ని ఆయన ఈ పేరుతో పిలిచారు. ఈ వ్యాసంలో దానిని ‘నియమార్థం’ అనే మాటతో వ్యవహరించడం జరుగుతుంది.

ఈ భావన తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. వైకుంఠపాళి పటంలో పాము పాపానికి, నిచ్చెన పుణ్యానికి గుర్తులు. పటం మీద ఎక్కడా నీతివాక్యం రాసి లేకపోయినా, పైవరుసలదాకా ఎక్కినవాడు ఒక్క పాము నోట పడి అట్టడుగుకు జారినప్పుడు ఆటకు వచ్చినవారికి ఒక లోకదృష్టి అందుతుంది. ఎంత పుణ్యం చేసినా పతనానికి అవకాశం ఉందన్న ఆ మాటను పటం చెప్పలేదు, నియమం చెప్పింది. అదే సమయంలో ఆ పటంలో ఒక వైరుధ్యం కూడా ఉంది. బొమ్మలు కర్మఫలాన్ని చెబుతుంటే, గవ్వలు అదృష్టాన్ని చెబుతాయి. నిచ్చెన ఎక్కినవాడు పుణ్యం చేసి ఎక్కలేదు, పందెం పడి ఎక్కాడు. బొమ్మకూ నియమానికీ మధ్య ఉన్న ఈ ఎడమే గేమ్ విమర్శకు ముఖ్యమైన చోటు. ప్రస్తుత గేమ్‌లోనూ అటువంటి ఎడం ఉంది.

3. చేతి ముక్కలు, కట్ట - సంచారి, స్థాయి:

ఆటలో ప్రతి నెలా సోల్ ఏ పని చేయాలో ఆడేవారు ఎంచుకుంటారు. పొలంలో పని, చదువు, కాపలా, వైద్యశాలలో సాయం, గోడ దాటి అన్వేషణ వంటివి ఆ పనులు. పని చేసే క్రమంలో ఒక చిన్న పేకాట ఎదురవుతుంది. కట్టలోంచి కొన్ని ముక్కలు చేతికి వస్తాయి. వాటిని ఒక వరసలో పేర్చి నిర్ణీత మొత్తాన్ని చేరుకోవాలి. ముక్కలకు అంకె, రంగు ఉంటాయి. పసుపు సామాజిక నైపుణ్యాలకు, నీలం బుద్ధికి, ఎరుపు దేహశక్తికి సంకేతాలు. పక్కపక్కన ఒకే రంగు ముక్కలు పడినా, ఒకే అంకె పడినా, అంకెలు వరుస కట్టినా అదనపు విలువ వస్తుంది. రమ్మీ ఆట తెలిసినవారికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

ఇందులో విశేషం ఆ ముక్కలు ఎక్కడినుంచి వస్తాయన్నది. ప్రతి ముక్కా సోల్ జీవితంలో జరిగిన ఒక ఘటన. దాని మీద ఆ ఘటన పేరు, బొమ్మ ఉంటాయి. చిన్ననాటి స్నేహం ఒక ముక్క, గోడ బయట చూసిన జంతువు ఒక ముక్క, భయపడిన రాత్రి ఒక ముక్క. వయసు పెరిగేకొద్దీ కట్ట పెరుగుతుంది. అంటే కొత్త కష్టాన్ని సోల్ ఎదుర్కొనేది పాత జ్ఞాపకాలతోనే. ఆటలోని అత్యంత సాహసోపేతమైన ప్రతిపాదన ఇదే. వ్యక్తిత్వం ఒక గుణాల పట్టిక కాదు, జ్ఞాపకాల కట్ట.

ఈ నిర్మాణాన్ని భారతీయ అలంకారశాస్త్ర పరిభాషతో పరిశీలిస్తే కొంత స్పష్టత వస్తుంది. భరతుడు 33 వ్యభిచారిభావాలను పేర్కొన్నాడు. వీటినే సంచారిభావాలని కూడా అంటారు. స్మృతి, చింత, గ్లాని, శంక, విషాదం, త్రాసం వాటిలోనివే. ఇవి వచ్చి పోయేవి, స్థాయిభావాన్ని పోషించేవి. పేకాటలో ఒక దఫా చేతికొచ్చిన ముక్కలు సంచారి స్వభావం కలవి. ఈ నెల భయం, వచ్చే నెల ఉత్సాహం. కట్ట మాత్రం స్థిరంగా ఉండి, ఏ సంచారికి ఎంత అవకాశం ఉందో నిర్ణయిస్తుంది. ఏళ్ళ తరబడి కాపలా పని చేసిన సోల్ కట్ట నిండా ఎరుపు ఉంటుంది. అప్పుడు మాటతో తీరవలసిన తగవు వచ్చినా చేతికొచ్చేవి ఎక్కువగా ఎర్రముక్కలే. ఈ పోలికకు హద్దులున్నాయి. స్థాయిభావాలు మనిషిలో సహజంగా వాసనారూపంలో ఉంటాయని ఆలంకారికుల మతం. ఈ ఆటలో కట్ట క్రమక్రమంగా తయారయ్యేది. ఆ తేడా కూడా ఆలోచించదగినదే. కౌమారమంటే స్థాయి ఇంకా కుదురుకోని వయసు అన్నది ఆట దృష్టి.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. ఏ ముక్క చేతికి వస్తుందో ఆడేవారి అదుపులో లేదు. వచ్చిన వాటిని ఎలా పేర్చాలన్నది అదుపులో ఉంది. జ్ఞాపకం పిలవకుండానే వస్తుంది. దానికి పక్కన దేన్ని ఉంచాలన్నదే మనిషి చేయగలిగిన పని. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ‘రిమెంబరింగ్’ (1932) గ్రంథంలో జ్ఞాపకం భద్రపరచిన నకలు కాదనీ, ప్రతిసారీ జరిగే పునర్నిర్మాణమనీ చూపారు. ఒంటరిగా రెండు పాయింట్లు మాత్రమే విలువ చేసే ఒక బాల్య స్మృతి, ఒకటికీ మూడుకూ మధ్య కూర్చున్నప్పుడు ఒక వరసను పూర్తిచేస్తుంది. అంకె మారలేదు, పొరుగు మారింది. గాయపడిన మనసు తన కథను తిరిగి చెప్పుకోవడంలో జరిగేది చాలావరకు ఇదే. ఒక్క వాక్యం కూడా వాడకుండా, పేర్చే చేతికి ఈ విషయం తెలిసేలా చేయడం ఈ ఆట సాధించిన కళాత్మక విజయం.

4. పెట్టెలోని నవలతో పోలిక:

విడివిడి ముక్కలతో జ్ఞాపకాన్ని చెప్పే ప్రయత్నం గేములతో మొదలు కాలేదు. బ్రిటిష్ రచయిత బి.ఎస్. జాన్సన్ ‘ది అన్‌ఫార్చునేట్స్’ (1969) నవలను కుట్టని 27 భాగాలుగా ఒక పెట్టెలో పెట్టి ప్రచురించారు. మొదటి, చివరి భాగాలు తప్ప మిగిలినవాటిని పాఠకుడు ఏ క్రమంలోనైనా చదవవచ్చు. ఫుట్‌బాల్ పోటీ గురించి రాయడానికి ఒక నగరానికి వెళ్ళిన విలేకరికి, కాన్సర్‌తో చనిపోయిన మిత్రుడు గుర్తుకు వస్తూ ఉండడం అందులోని ఇతివృత్తం. దుఃఖంలో జ్ఞాపకాలు కాలక్రమం పాటించవు కనుక పుస్తకమూ పాటించలేదు.

జాన్సన్ నవలకూ ఈ ఆటకూ రూపసామ్యం స్పష్టం. ఒక భేదం మాత్రం మౌలికమైనది. జాన్సన్ పెట్టెలో ఏ భాగానికీ విలువ కట్టలేదు. మిత్రుడి అనారోగ్యం ఉన్న భాగం, రైలు ప్రయాణం ఉన్న భాగం పాఠకుడి చేతిలో సమానమే. ఏ క్రమమూ మరొకదానికన్నా ‘మెరుగైనది’ కాదు. ఎక్సోకాలనిస్ట్‌లో ప్రతి జ్ఞాపకానికీ అంకె ఉంది, ప్రతి అమరికకూ ఫలితం ఉంది. నవల జ్ఞాపకాన్ని అనుభవించమంటుంది. ఆట జ్ఞాపకాన్ని వినియోగించమంటుంది. ఈ వినియోగం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

5. దుఃఖానికి వేసిన అంకె:

ఆటలో బాల్యపు ముక్కల అంకెలు సాధారణంగా చిన్నవి. వయసుతో వచ్చే ముక్కల అంకెలు పెద్దవి. లక్ష్యాలు కూడా ఏడాదికేడాదికి పెరుగుతాయి. కొన్ని సందర్భాల్లో ఒక జ్ఞాపకాన్ని ‘మరచిపోయి’ కట్టలోంచి తొలగించే అవకాశం వస్తుంది. కట్ట పలచబడితే బలమైన ముక్కలు తరచుగా చేతికి వస్తాయి. ఇటువంటి ఆటలు అలవాటైన వారెవరికైనా ఏం చేయాలో వెంటనే తోస్తుంది. చిన్న అంకెలను వదిలించుకోవాలి. అంటే సమర్థంగా ఆడడమంటే బాల్యాన్ని మరచిపోవడం.

ఈ నియమార్థాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. మొదటి పఠనంలో ఇది నిష్ఠురమైన సత్యం. ఎదుగుదల కొంత మరపుతో కూడినదే. ముక్క మీద బొమ్మను చూసి, పేరు చదివి, దానిని తొలగించడానికి వెనకాడే ఆడేవారు లేకపోరు. లెక్క ఒకటి చెబుతుంటే మనసు మరొకటి చెప్పే ఆ క్షణంలో ఆట కవిత్వానికి దగ్గరగా వస్తుంది. రెండో పఠనంలో ఇది మానసిక జీవితాన్ని తప్పుగా చూపడం. ఏం మరచిపోవాలో మనసు ఎంచుకోలేకపోవడమే వేదనకు మూలమైన సందర్భాలు అనేకం. కేథీ కారుత్ ‘అన్‌క్లెయిమ్డ్ ఎక్స్‌పీరియన్స్’ (1996) గ్రంథంలో, తీవ్రమైన మానసిక ఆఘాతం జరిగిన క్షణంలో పూర్తిగా అనుభవంలోకి రాదనీ, తరువాత పిలవకుండా, మళ్ళీమళ్ళీ తిరిగివచ్చి బాధిస్తుందనీ వాదించారు. ఆ దృష్టితో చూస్తే ఆఘాతమంటే చేతిలోకి రాని ముక్క. దానికి పేరు, బొమ్మ, అంకె, రంగు ఇచ్చి కట్టలో చేర్చిన మరుక్షణమే అది ఆఘాతం కాకుండా పోతుంది. స్వాధీనమైన అనుభవం అవుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైన అభ్యంతరం మరొకటి ఉంది. బాధాకరమైన ఘటన కూడా ముక్కగా మారి తరువాతి కార్యాలకు ఉపయోగపడుతుంది కాబట్టి, ఆట నియమాలలో వ్యర్థమైన బాధ అంటూ దాదాపు లేదు. ఎదురుదెబ్బలు మనిషిని రాటుదేలుస్తాయన్న లోకోక్తికి ఇది గణితరూపం. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ కౌమారంలో ఉన్నవారితో పెద్దలు తరచూ అనే మాట కూడా ఇదే. వారి బాధను వినకుండా దాటవేయడానికి తరచూ ఉపయోగపడే మాట కూడా ఇదే. సంభాషణల్లో ఎంతో సున్నితంగా పిల్లల బాధను వినిపించే ఈ ఆట, పేకబల్ల దగ్గరకు వచ్చేసరికి తెలియకుండానే ఆ పెద్దల పక్షం చేరుతుంది.

6. ఒత్తిడి అనే కొలమానం:

ఆటలో ‘ఒత్తిడి’ సున్నా నుంచి వంద వరకు కొలిచే ఒక పట్టీ. పనులు చేసేకొద్దీ అది పెరుగుతుంది. నిండిన తరువాత పని సాగదు, విశ్రాంతి తీసుకోవలసిందే. విశ్రాంతికి ఒక నెల ఖర్చవుతుంది. ఏడాదికి పదమూడు నెలలు, మొత్తం పదేళ్ళు మాత్రమే ఉన్న ఆటలో నెల చిన్న ధర కాదు.

ఈ నియమంలో మెచ్చదగిన అంశం ఉంది. విశ్రాంతిని బద్ధకంగా కాక అవసరంగా చూపుతుంది. చదువులో వెనకబడిపోతామన్న భయంతో నిద్రను కూడా తగ్గించుకునే విద్యార్థులకు, ఆగకుండా ముందుకు పోవడం అసాధ్యమని ఒక నియమం చెప్పడం మేలే. అయితే విశ్రాంతితో ఒత్తిడి తప్పకుండా తగ్గుతుందన్న హామీ కూడా ఆ నియమంలోనే ఉంది. అలసటకు, కుంగుబాటుకు ఉన్న భేదం ఆ హామీలో చెరిగిపోతుంది. అలసట విశ్రాంతితో తీరుతుంది. కుంగుబాటు ఉన్నవారికి విశ్రాంతి కూడా బరువే.

ఈ భేదాన్ని నియమంగా మలచిన గేమ్ ‘డిప్రెషన్ క్వెస్ట్’ (2013). కేవలం పాఠ్యంతో నడిచే ఆ ఆటలో ప్రతి సందర్భంలోనూ చేయదగిన పనుల జాబితా కనిపిస్తుంది. కానీ ఆరోగ్యకరమైన ఎంపికలు అడ్డగీతతో కొట్టివేసి ఉంటాయి. స్నేహితుడితో మనసు విప్పి మాట్లాడడం మంచిదని పాత్రకు తెలుసు, ఆడేవారికీ తెలుసు, ఎంచుకోవడం మాత్రం సాధ్యం కాదు. కుంగుబాటు ముదిరేకొద్దీ కొట్టివేతలు పెరుగుతాయి. ఎక్సోకాలనిస్ట్‌లో కూడా తగిన నైపుణ్యం లేనప్పుడు కొన్ని ఎంపికలు కనబడుతూనే అందకుండా ఉంటాయి. రెండింటిలో కనిపించేది ఒకే దృశ్యమైనా అర్థం వేరు. ఒకదానిలో తలుపు మూసినది వ్యాధి. రెండోదానిలో తలుపు మూసినది శిక్షణ లోపం. మరికొంత కృషి చేస్తే తెరుచుకుంటుందన్న ఆశ రెండోదానిలో ఉంది. ఆ ఆశ వెనుకనే, తెరుచుకోకపోతే తప్పు నీదేనన్న నింద కూడా దాగి ఉంది.

7. ఇతరుల బాధ ముందు:

ఆటలోని మనస్తత్వ చిత్రణ సోల్ కన్నా తోటి పిల్లలలో లోతుగా కనిపిస్తుంది. దానికి కారణం వారి జ్ఞాపకాలు ముక్కలుగా ఆడేవారి చేతిలో లేకపోవడమే. వారి మనసులకు అంకె లేదు.

అనెమొనీ బాల్యంలో ఆటపాటలతో, అల్లరితో తిరిగే పిల్ల. ఏటా ‘గ్లో’ అనే నెలలో గ్రహంలోని జంతువులు నివాసం మీద పడతాయి. అటువంటి దాడిలో ఆమె అన్న కోమ్ మరణిస్తాడు. ఆమె దుఃఖం కన్నీరుగా కాక కోపంగా వెలువడుతుంది. ఆయుధం పట్టి రక్షణదళంలో చేరుతుంది. తరువాత వచ్చిన రెండో ఓడలోని సైనికుడు వేస్‌తో ఆమె అనుబంధంలో ఆధిపత్యమూ అదుపూ కనిపిస్తాయి. దుఃఖం, హింస, తనను అదుపుచేసేవారి పట్ల ఆకర్షణ - ఈ మూడింటి మధ్య దారాన్ని రచన ఎక్కడా వ్యాఖ్యానించదు. ఏళ్ళ మీద ఏళ్ళు గడిచాక ఆడేవారే దానిని గుర్తిస్తారు.

డిస్, టాంజెంట్ కవలలు. డిస్ మనుషుల మధ్య ఇమడలేక గోడ బయటి అడవిలో ఊరట వెతుక్కుంటాడు. టాంజెంట్ పరిశోధనలో మునిగి తనను తాను అరగదీసుకుంటుంది. అంటువ్యాధికి మందు కనిపెట్టే భారం ఆమె తనపై వేసుకుంటుంది. ఆ జ్ఞానమే గ్రహంలోని జీవజాలాన్ని తుడిచిపెట్టే ఆయుధానికి దారితీయగల పరిస్థితి వస్తుంది. ఒకే ఇంట, ఒకేసారి పుట్టినవారిలో ఒకరు పారిపోవడాన్ని, మరొకరు పనిని ఆశ్రయించారు. సమాజం మొదటిదాన్ని సమస్యగా గుర్తిస్తుంది, రెండోదాన్ని ప్రతిభగా మెచ్చుకుంటుంది. రెండూ ఒకే వేదనకు రెండు ముఖాలన్న సూచన ఈ ఆటలోని ఉత్తమమైన మనస్తత్వ పరిశీలన. మార్కులు వచ్చినంతకాలం పిల్లవాడు క్షేమంగా ఉన్నాడనుకునే ఏ సమాజానికైనా ఇది పనికివచ్చే హెచ్చరిక.

అయితే ఈ స్నేహాలను పెంచే నియమం మళ్ళీ లెక్కలోకే వస్తుంది. నచ్చిన కానుకలు ఇస్తే స్నేహం పాళ్ళు పెరుగుతాయి. అవి పెరిగితే మనసు విప్పే ఘట్టాలు తెరుచుకుంటాయి. దీనికి భిన్నమైన మార్గాన్ని ‘సైన్స్ ఆఫ్ ది సోజర్నర్’ (2020) చూపింది. అందులో పేకాటే సంభాషణ. గుర్తులు కలిసేలా ముక్క వేస్తే మాట సాగుతుంది, కలవకపోతే తెగుతుంది. ప్రతి సంభాషణ తరువాత ఎదుటివారి ముక్క ఒకటి తీసుకొని తన ముక్క ఒకటి వదులుకోవాలి. దూర ప్రాంతాలు తిరిగిన కొద్దీ సొంత ఊరివారితో మాట కలవదు. అక్కడ ఇతరులతో సంబంధం తనను మార్చివేస్తుంది. ఎక్సోకాలనిస్ట్‌లో సంబంధం తనకు మరికొంత చేర్చుతుంది. ఒకటి మార్పిడి, మరొకటి కూడిక.

8. రెండో జన్మ, అపరాధభావం:

ఆట మొదట్లో ఓడ ఒక వార్మ్‌హోల్ గుండా ప్రయాణించి గ్రహాన్ని చేరుతుంది. దాని ప్రభావం వల్ల సోల్‌కు గతజన్మల స్మృతి లీలగా ఉంటుంది. ఒకసారి ఆట పూర్తిచేసి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, ముందు జన్మలో తెలిసిన విషయాల ఆధారంగా కొత్త ఎంపికలు కనిపిస్తాయి. సాధారణంగా ‘మళ్ళీ ఆడడం’ గేమ్ బయటి చర్య. ఇక్కడ అది కథలో భాగమైంది.

మొదటిసారి ఆడినప్పుడు చిన్ననాటి నేస్తం టామీ చనిపోతుంది. ఎంత నేర్పుగా పేక వేసినా ఆ మరణం ఆగదు. తరువాతి జన్మలో, ముందే తెలిసి ఉండడం వల్ల, ఆమెను కాపాడవచ్చు. ఇతర మరణాల్లోనూ కొన్ని ఇదే తీరు. ఆప్తులను పోగొట్టుకున్న పిల్లలు ‘ఆ రోజు నేను అలా చేసి ఉంటే’ అని తమను తాము దోషులుగా నిలబెట్టుకోవడం తెలిసిన విషయమే. ఆ ఊహను ఆట నియమంగా మార్చింది.

ఇక్కడ ప్రమాదం స్పష్టమే. తప్పించగలిగిన మరణం దుఃఖంగా మిగలక పొరపాటుగా మారుతుంది. అందరినీ కాపాడిన ‘సంపూర్ణ జీవితం’ ఒకటి ఎక్కడో ఉందన్న ఆశతో ఆడేవారు మళ్ళీమళ్ళీ పదేళ్ళ వయసుకు వెళతారు. అది దుఃఖాన్ని అంగీకరించడం కాదు, వాయిదా వేయడం. అయినా ఈ నియమానికి మరొక ముఖం ఉంది. టామీని కాపాడడానికి మొదటి జన్మలో మార్గమే లేదని రెండో జన్మ నిరూపిస్తుంది. కాపాడినది నేర్పు కాదు, అప్పటికి లేని జ్ఞానం. ఆ సమయంలో తెలిసి ఉండే అవకాశమే లేనిదానికి తనను తాను శిక్షించుకోవడం అన్యాయమని చెప్పడానికి ఇంతకన్నా సూటి మార్గం కథనానికి దొరకడం కష్టం. నింద మోపినట్టు కనబడే నియమమే, నిదానంగా చూస్తే నిర్దోషిత్వాన్ని ప్రకటిస్తుంది. ఏ పేకా పనిచేయని ఆ మొదటి మరణం దగ్గరే ఆట తన లెక్కలను పక్కనపెట్టి మనోవేదనకు దగ్గరగా వస్తుంది.

9. తెలుగు మనోవైజ్ఞానిక నవల నేపథ్యంలో:

తెలుగు పాఠకులకు మనసు లోపలి కల్లోలాన్ని చదవడం అలవాటే. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’ ఆ అలవాటును కల్పించాయి. విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలోని ఒక్క రోజును చైతన్యస్రవంతి పద్ధతిలో చెప్పిన ‘అంపశయ్య’ యువకుడి ఆందోళనకు నవలారూపం ఇచ్చింది. ఈ నవలల్లో పాఠకుడి స్థానం సాక్షిది. సీతారామారావు పతనాన్ని ఆపే శక్తి పాఠకుడికి లేదు. కాబట్టి బాధ్యత కూడా లేదు. మిగిలేది అవగాహన.

గేమ్‌లో సాక్షి స్థానం లేదు. సోల్ కుంగినా తేరుకున్నా అందులో ఆడేవారి చెయ్యి ఉంటుంది. అందువల్ల నవల ఇవ్వలేని అనుభవాన్ని గేమ్ ఇవ్వగలదు. ప్రయత్నించి విఫలం కావడం, తన నిర్ణయం మరొకరిని గాయపరచడం, అందని ఎంపికను చూస్తూ ఉండవలసిరావడం అటువంటివి. నవల సులభంగా ఇవ్వగలిగిన దానిని గేమ్ కష్టపడి సాధించవలసి ఉంటుంది. నిష్ప్రయోజనమైన బాధను నిష్ప్రయోజనంగానే చూపగలగడం అందులో ఒకటి. సీతారామారావు వేదనకు ‘అల్పజీవి’ సుబ్బయ్య భయానికి ఉన్న విలువను ఎవరూ అంకెల్లో అడగలేదు.

10. ముగింపు:

‘ఐ వజ్ ఎ టీనేజ్ ఎక్సోకాలనిస్ట్’ కౌమార మనసును జ్ఞాపకాల కట్టగా ఊహించింది. జ్ఞాపకం పిలవకుండా వస్తుందనీ, దాని అర్థం పక్కనున్న జ్ఞాపకాన్నిబట్టి మారుతుందనీ, ఆ పేర్చుకోవడమే మనిషికి మిగిలిన స్వేచ్ఛ అనీ నియమాల ద్వారా నిరూపించింది. ఇది గేమ్ అనే రూపానికే సాధ్యమైన సాహిత్య విజయం. ప్రతి బాధకూ విలువ కట్టి, విశ్రాంతికి ఫలితాన్ని హామీ ఇచ్చి, స్నేహాన్ని కూడికగా మార్చిన చోట్ల అదే నియమావళి వేదన స్వభావాన్ని తేలిక చేసింది. లెక్క పనిచేయని సందర్భాలలో, అంటే అనెమొనీ మౌనంలో, కవలల భిన్నమార్గాలలో, ఆపలేని టామీ మరణంలో, ఆట తన సత్యాన్ని చేరుకుంది.

కౌమార మానసిక ఆరోగ్యంపై గేములను తరగతి గదుల్లో, అవగాహన కార్యక్రమాల్లో వాడాలన్న ఆలోచనలు పెరుగుతున్న కాలమిది. అటువంటి గేమును ఎంచుకునే అధ్యాపకులు దాని కథావస్తువును మాత్రమే చూసి నిర్ణయానికి రావడం చాలదు. సంభాషణ సానుభూతిని పలుకుతూ ఉండగా నియమం మరోవైపు బాధను పెట్టుబడిగా లెక్కిస్తుండవచ్చు. విద్యార్థికి సంభాషణకన్నా నియమమే ఎక్కువకాలం గుర్తుంటుంది. ఎందుకంటే దాన్ని అతను చదవలేదు, చేశాడు. గేమ్ విమర్శకు తెలుగులో పరిభాషను సమకూర్చుకోవలసిన అవసరం అందువల్లనే ఉంది. కథ ఏమంటున్నదో అడిగిన తరువాత, నియమం ఏమంటున్నదో కూడా అడగడం ఆ విమర్శకు తొలిమెట్టు.